కష్టకాలమునందు సామూహిక రచన

జీవితమున సంభవించు వియోగము, వ్యాధి, ఉద్యోగభ్రంశము, అవమానము మొదలగు విపత్తులకు లోనైనవారు కొందరు ఒకచోట కూడి, ఒక నియమమునకు లోబడి తమ యనుభవములను వ్రాసికొని పరస్పరము చదివి వినిపించుకొనుటయో, లేక అందరును కలసి ఏకగ్రంథముగా రూపొందించుటయో సామూహిక రచన యనబడును. మొదటి విధమున కాగితములు పెక్కు, శ్రోతలు అందరు. రెండవ విధమున కాగితమొక్కటి, కర్తలు పెక్కుమంది. సాహిత్య సమితుల కృషియు, జంటకవుల అవధానములును దీనికి బంధువర్గములోనివే యైనను, వానికి లక్ష్యము కావ్యము. దీనికి లక్ష్యము వ్రాయువాని స్వస్థత. ఇందువలన దుఃఖము తేలికపడునని సామాన్యముగా చెప్పుదురు. అది కొంతవఱకు నిజమే గాని, ఉదాహరణములను నిదానముగా పరిశీలించినచో అంతకంటె ముఖ్యమైన ఫలము వేరొకటి కనబడును: తన లోపమువలననే కలిగినదని యొక్కొక్కరు దాచుకొన్న కష్టము, పదిమంది కాగితములయందును ఒకే తీరున ప్రత్యక్షమైనంతనే, అందరికిని చెందిన యొక స్థితిగా తేలిపోవును. ఓదార్పు ఆ తరువాతి మాట.

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున మాదాపూరు, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ మొదలగు పూర్వగ్రామముల నేలమీద విస్తరించిన సైబరాబాదు సీమ ఈ విషయమును పరిశీలించుటకు మిక్కిలి యనువైనది. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించెను. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ యేర్పడెను. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకిని, ఆ సంవత్సరాంతముననే రాయదుర్గమునకును వచ్చెను. రెండు తెలుగు రాష్ట్రముల నుండియు, దేశము నలుమూలల నుండియు కంప్యూటరు కొలువులకై వచ్చిన యువజనులు, అందు పెక్కుమంది అమీర్‌పేట శిక్షణాలయముల మీదుగా వచ్చినవారు, హాస్టళ్ళయందును, అద్దె యిండ్లయందును కాపురముండి ఇచ్చట జీవించుచున్నారు. వీరి వృత్తియే వ్రాత. ప్రోగ్రాములు, మెయిళ్ళు, టికెట్లు, స్టేటస్ రిపోర్టులు, డిజైన్ పత్రములు ఉదయము మొదలు రాత్రివఱకు, అమెరికా వేళలకు పనిచేయువారి విషయమున రాత్రి మొదలు ఉదయమువఱకు, వ్రాయబడుచునే యుండును. ఇంత వ్రాతలో ఉత్తమపురుషకు చోటున్నది పనితీరును అంచనాకట్టు అప్రైజల్ పత్రమొక్కదాననే. అందలి ‘నేను’ సైతము రేటింగు కొఱకు ముస్తాబైన ‘నేను’.

ఈ సీమకు కష్టములు కెరటములవలె వచ్చి పోయినవి. 2001 ప్రాంతమున డాట్‌కామ్ పతనము, 2008-09 సంవత్సరముల ఆర్థిక మాంద్యము, 2020 మార్చి నుండి కోవిడ్ నిర్బంధము, 2022-23లో ప్రపంచవ్యాప్తముగా సాగిన ఉద్యోగముల కోతలు వానిలో ప్రధానములు. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు లెక్కలలోని మోసమును ఒప్పుకొనుచు సంస్థ డైరెక్టర్లకు వ్రాసిన లేఖ సుమారు ఏబదివేలమంది ఉద్యోగుల జీవనాధారమును ఒక్క పూటలో సంశయమున పడవేసెను. సైబరాబాదున పుట్టిన వచనములలో అంతగా చదువబడినది మఱొకటి యుండదేమో; ఏకాంతమున వ్రాయబడిన ఆ లేఖకు ఏబదివేల కుటుంబములు వ్రాసికొనవలసిన ప్రత్యుత్తరము మాత్రము గ్రంథరూపమున వచ్చినట్లు కానరాదు.

ఇట్టి పెద్ద సంఘటనలకంటె నిత్యమును జరుగు చిన్న సంఘటనలే మనస్సును ఎక్కువగా నలగగొట్టును. ప్రాజెక్టు ముగిసి బెంచి మీదకు, అనగా పనిలేని స్థితికి, వచ్చినవాడు దినములు లెక్కపెట్టుకొనుచుండును. ఉద్యోగము తీసివేయుట పెక్కు సందర్భములలో తీసివేతగా గాక, పిలిచి రాజీనామా వ్రాయించుకొనుటగా జరుగును. ఆ కాగితము ప్రకారము వెడలిపోయినది తన యిష్టమున, కావున లోకమునకు చెప్పుకొనుటకు కారణమును మిగులదు. ఇంటి అప్పుయొక్క ఈఎంఐ, కుదిరిన పెండ్లి సంబంధము, ఊరిలో తండ్రి చెప్పుకొను గొప్ప, ఇవన్నియు నోరు కట్టివేయగా, కొలువు పోయిన సంగతి ఇంట తెలియనీయక కొన్నాళ్ళపాటు యథాప్రకారము సంచి భుజమున వేసికొని బయలుదేరువారును కలరు. అదే భవనములలో ఔట్‌సోర్సింగు ఏజెన్సీల ద్వారా పనిచేయు కాపలాదారులు, పారిశుద్ధ్యపు పని చేయు స్త్రీలు, క్యాబ్ డ్రైవర్లు ఇంకను అస్థిరమైన కొలువులలో నున్నవారు. వారి కష్టములు పత్రికలకును ఎక్కవు. అందఱిలోను సమానముగా నున్నది ఒక్కటే: జరిగినదానికి తానే కారకుడనను నమ్మకము.

తెలుగుదేశమున ఈ నమ్మకమును సమూహముగా కూడి వ్రాతద్వారా ఛేదించిన సందర్భములు సైబరాబాదు పుట్టుటకు పూర్వమే యున్నవి. నిజాం పాలన చివరి దినములలో నిజామాబాదు చెఱసాలలో బంధింపబడిన దాశరథి కృష్ణమాచార్య కాగితము దొరకక బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసెను. సహఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి ఆ పద్యములకు తొలి శ్రోతలలో ఒకడు. దాశరథి ‘అగ్నిధార’ 1949లో వెలువడి ఆళ్వారుస్వామికి అంకితమయ్యెను. ఆళ్వారుస్వామి చెఱసాల అనుభవములనుండి ‘జైలు లోపల’ అను కథలను వ్రాసెను. ఇది నియమబద్ధమైన గోష్ఠి కాకపోయినను, కష్టమునందున్న వ్రాతకు ప్రక్కనే అదే కష్టమునందున్న శ్రోత యొకడుండుట యెంత బలమో దీనివలన తెలియును.

శాస్త్రీయముగను, సంకల్పపూర్వకముగను సాగిన ప్రయత్నము హైదరాబాదునందలి స్త్రీశక్తి సంఘటనది. 1946-51 నాటి తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల చరిత్రను వారి నోటనే వినగోరి, ఈ సంఘ సభ్యులు చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ మొదలగువారిని కలిసికొని, గంటల తరబడి మాటాడించి, టేపులపై నెక్కించి, వారి మాటతీరును చెడగొట్టక అక్షరరూపమునకు తెచ్చిరి. 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ కృషి ఫలము. 1989లో దాని ఆంగ్లరూపము ప్రకటితమయ్యెను. ఉద్యమము ముగిసిన పిమ్మట ఇండ్లకు తిరిగి పొమ్మనబడి, తమ త్యాగమునకు చరిత్రలో చోటు లేక, బిడ్డలను పోగొట్టుకొన్న బాధను, పోరాట దళములలోని చిన్నచూపును దశాబ్దములపాటు ఎవరికి వారే మ్రింగికొన్న స్త్రీల మాటలు ఒక గ్రంథమున ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు, అవి వేర్వేరు ఫిర్యాదులుగా గాక ఉద్యమముపై నొక విమర్శగా రూపొందినవి. ఇందు వ్రాసినవారు విద్యావంతులు, చెప్పినవారు పలువురు అక్షరము నేర్వనివారు. ఈ విభజన లోపముగా కొందరికి తోచవచ్చును. చెప్పెడివారి మాటకు మెఱుగులు దిద్దక విడిచిపెట్టుటకు కావలసిన నిగ్రహము మాత్రము తేలికైనది కాదు. అదే కాలపు స్త్రీల బృందములనుండి 1991లో ‘సవాలక్ష సందేహాలు’ అను స్త్రీల ఆరోగ్య గ్రంథము వచ్చెను. అమెరికాయందలి బోస్టను నగరమున కొందరు స్త్రీలు కూడి తమ శరీరములనుగూర్చి తామే నేర్చుకొని వ్రాసికొని 1970లో ప్రకటించిన పుస్తకము ఇట్టి గ్రంథములకు మార్గదర్శి. హైదరాబాదు బృందము ఆ మార్గమున ఇచ్చటి స్త్రీల సందేహములను, సిగ్గును, వైద్యశాలలలోని అనుభవములను కూర్చెను.

వీనియన్నిటికంటె లోకమునకు ఎక్కువ తెలిసినది నెల్లూరు జిల్లా వృత్తాంతము. 1990-91లో ఆ జిల్లాయందు ఆరంభమైన అక్షరాస్యతా ఉద్యమమున రాత్రిబడులకు వచ్చిన స్త్రీలకు సారాయివలన సంసారములు చితికిపోవు తీరును తెలుపు ‘సీతమ్మ కథ’ పాఠముగా నుండెను. పలకమీద దిద్దుకొనుచు, కూడి చదువుకొనుచు, అది తమ కథయే యని తమలో తాము చెప్పుకొనుచు, దూబగుంట గ్రామస్త్రీలు రోశమ్మ మొదలగువారి నాయకత్వమున సారాయి దుకాణమును మూయించిరి. తరువాత ఆ దూబగుంట వృత్తాంతమే మఱియొక వాచకమున పాఠమై యితర గ్రామముల స్త్రీలచేత చదువబడెను. అనగా మొదట పాఠమునుండి సంఘటన పుట్టెను, పిదప సంఘటననుండి పాఠము పుట్టెను. జిల్లా దాటి రాష్ట్రమంతట వ్యాపించిన ఆ యుద్యమము ఫలితముగా 1993 అక్టోబరు 1 నుండి సారాయియు, 1995 జనవరి 16 నుండి సంపూర్ణముగా మద్యమును నిషేధింపబడినవి. రెండవ నిషేధము రెండేండ్లకే సడలిపోయెనన్నది వేరు విషయము. మొగుడు త్రాగివచ్చి కొట్టుట తన నొసటి వ్రాత యని యెంచిన స్త్రీ, ప్రక్క పలకమీద అదే సంగతి చూచి, దానిని అంగడి నడుపువారి వ్యాపారముగా, వేలముపాటలతో ఆదాయము గడించు ప్రభుత్వపు విధానముగా గుర్తించెను. దశాబ్దము తిరుగకముందే, 2001లో చిత్తూరు జిల్లాయందు వెలుగు పథకము క్రింద పొదుపు సంఘముల స్త్రీలే విలేకరులుగను సంపాదకులుగను ‘నవోదయం’ అను పత్రిక ప్రారంభమయ్యెను. హైదరాబాదునుండి 1993 మొదలు వెలువడుచున్న ‘భూమిక’ స్త్రీల పత్రిక 2006లో సహాయవాణిని స్థాపించినదియు ఈ సందర్భముననే స్మరింపదగినది: పాఠకుల కష్టములు అచ్చుపుటను దాటి సమాధానము కోరినప్పుడు పత్రిక టెలిఫోను చేతబట్టవలసివచ్చెను.

ఇతర దేశములయందును, రాష్ట్రములయందును దీనికి ఉదాహరణములు పెక్కు కలవు. వార్సా నగరపు యూదుల వాడలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లమ్ 1940లో కూర్చిన రచయితల బృందము మరణము నెదుటనుంచుకొని తమ దినచర్యలను వ్రాసి పాలడబ్బాలలోను లోహపు పెట్టెలలోను పాతిపెట్టగా, వానిలో కొన్ని 1946లోను, కొన్ని 1950లోను బయల్పడినవి. ఉత్తరప్రదేశమందలి సీతాపూరు జిల్లాలో గ్రామకార్యకర్తలైన యేడుగురు స్త్రీలు తమ దినచర్యలను వ్రాసి, కూడి చదివి, 2004లో హిందీయందు ‘సంగతిన్ యాత్ర’గా ప్రకటించిరి. అమెరికన్ రచయిత్రి మాక్సిన్ హాంగ్ కింగ్‌స్టన్ 1993 మొదలు యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకొఱకు రచనాగోష్ఠులను నడిపెను.

వ్రాతవలన దేహమనస్సులకు కలుగు ఫలమును కొలుచుటకు మనశ్శాస్త్రజ్ఞులు చేసిన యత్నములలో జేమ్స్ పెన్నెబేకరు 1986లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. నలువదియాఱుగురు కళాశాల విద్యార్థులు నాలుగు దినములు వరుసగా దినమునకు పదునైదు నిమిషములు వ్రాసిరి. తమకు తగిలిన గాయమునుగూర్చి జరిగినదానితోబాటు తమ భావమునుగూడ వ్రాసినవారు ఆ పూటకు మునుపటికంటె దిగులుపడినవారైనను, తరువాతి యాఱునెలలలో వారు వైద్యునికడకు పోవుట తగ్గెను. సైబరాబాదునకు మిక్కిలి సన్నిహితమైనది 1994 నాటి పరిశోధన. డల్లాస్ నగరమున ఒక కంప్యూటరు సంస్థనుండి తొలగింపబడిన, చాలకాలము కొలువు చేసిన ఇంజనీరులు మొదలగు అఱువదిమూడుగురిని స్పెరా, బూర్‌ఫైండ్, పెన్నెబేకరులు మూడు వర్గములు చేసిరి. ఒక వర్గము ఉద్యోగము పోవుటనుగూర్చిన మనోవేదనను దినమున కిరువది నిమిషములచొప్పున అయిదు దినములు వ్రాసెను. మఱొకటి ఉద్యోగాన్వేషణ ప్రణాళికలు వ్రాసెను. మూడవది యేమియు వ్రాయలేదు. ఎనిమిది నెలల పిమ్మట మొదటి వర్గమున సగముమందికి పైగా పూర్తికాలపు ఉద్యోగములందుండగా, తక్కిన వర్గములలో నాలుగవ వంతునకు మించలేదు. మొదటి వర్గమువారు ఎక్కువ దరఖాస్తులు పంపినవారు కారు, ఎక్కువ ఇంటర్వ్యూలకు పోయినవారును కారు. పాత యజమానిపై క్రోధము కాగితముపై వ్యయమగుటవలన కొత్త యజమాని యెదుట అది బయటపడలేదని పరిశోధకులు ఊహించిరి. వ్రాతఫలమును శంకించువారికిని ఆధారములు లేకపోలేదు. నూటనలువదియాఱు పరిశోధనలను 2006లో ఒక్కటిగా పరిశీలించిన జోవాన్ ఫ్రటరోలి సగటు ఫలము నిజమే గాని స్వల్పమని తేల్చెను. ఇంకొక సంగతి: ఈ ప్రయోగములందు జనులు విడివిడిగా వ్రాసిరి, వ్రాసినది పరస్పరము వినిపించుకొనలేదు. కావున సమూహమువలన కలుగు ఫలమునకు ఇవి పూర్తి సాక్ష్యములు కావు. నెల్లూరున జరిగినది ప్రయోగశాల కొలతకు లొంగునది కాదు.

గోష్ఠి నడపు పద్ధతులలో అమెరికాయందలి ఆమ్‌హర్స్ట్ పట్టణమున పాట్ ష్నైడర్ 1981లో ఆరంభించినది విస్తృతముగా అనుసరింపబడుచున్నది. నాయకుడును అందఱితోబాటు వ్రాయవలెను. చదువుట, చదువకుండుట వ్రాసినవారి యిష్టము. అప్పుడే వ్రాసినదానిపై తప్పులెన్నరాదు, మనసున నిలిచిన దేదియో చెప్పవచ్చును. విన్నది గోష్ఠి దాటరాదు. వీనియన్నిటికంటె తెలివైన నియమము వేరొకటి: చదువబడినదానిని కల్పితముగనే భావించి, అందలి ‘నేను’ను వ్రాసినవానిగా గాక కథకునిగా సంబోధింపవలెను. భార్య విడిచిపోయిన సంగతిని చదివినవానిని ‘నీ భార్య యేల పోయినది?’ అని యెవ్వరును అడుగరు. ఓదార్చుటకు, సలహా లిచ్చుటకు తహతహలాడు మన సమాజమున ఈ నిగ్రహము మిక్కిలి యవసరము.

ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఇట్టి నియమములు సైబరాబాదు కార్యాలయములలో వేఱు పేరుతో ఇదివఱకే యున్నవి. ప్రాజెక్టులో ఒక దశ ముగియగానే జట్టువారు కూడి చేయు ‘రెట్రోస్పెక్టివ్’ అను సమావేశమున ఒక్కొక్కరు మౌనముగా చిన్న చీటీలమీద జరిగిన మంచిచెడ్డలు వ్రాసి గోడకు అంటింతురు. ఒకే మాట పలికిన చీటీలను ఒకచోట చేర్తురు. పిదపనే నోరు విప్పుదురు. నార్మన్ కెర్త్ 2001లో వ్రాసిన గ్రంథము ఈ సమావేశములకు మూలసూత్రమును సమకూర్చెను: నాటి జ్ఞానముతో, నాటి సాధనములతో ప్రతివాడును తనకు సాధ్యమైనంత మేలుగనే పనిచేసెనని ముందుగా అంగీకరించి మాటలు మొదలుపెట్టవలెనన్నది దాని సారము. అట్లే, అర్ధరాత్రమున సర్వరు కూలి సేవలు నిలిచిపోయినప్పుడు, మరునాడు జట్టంతయు కలసి వ్రాయు పోస్ట్‌మార్టం పత్రమున ఏ నిమిషమున నేమి జరిగినదో వరుసగా నుండును గాని, తప్పు ఫలానావానిదని యుండరాదు; ఏ యేర్పాటు ఆ తప్పునకు తావిచ్చినదో వ్రాయవలెను. యంత్రము కూలినప్పుడు ఇంత దయతో వ్రాయనేర్చిన జనులు మనిషి కూలినప్పుడు అట్లు వ్రాయకుండుటకు కారణము అజ్ఞానము కాదు. మొదటిదానికి క్యాలెండరులో గంట కేటాయింపబడియున్నది, రెండవదానికి లేదు. పత్రములో పేరు లేకున్నను అప్రైజలు నాటికి పేరు తేలునన్న భయమును గలదు.

ఆ భయము నిర్హేతుకము కాదు. మేనేజరు కూర్చున్న గదిలో వ్రాసినది నిర్భయమైన వ్రాత కాజాలదు. హెచ్‌ఆర్ విభాగము జరుపు స్వస్థతా కార్యక్రమములలో సదుద్దేశము ఉండవచ్చును గాని, కష్టమునకు మూలము పనిభారమే యైనచోట, ఆ భారమును నిర్ణయించువారి యెదుట దానిని ఏకరువు పెట్టుటకు ఎవరు సాహసింతురు? కార్యాలయపు ల్యాప్‌టాపు సంస్థయొక్క ఆస్తి, అందలి వ్రాతపై సంస్థకు కన్నుండును. కావున కలము, కాగితము, కార్యాలయమునకు వెలుపలి చోటు ఉచితములు. బంజారాహిల్స్‌లో 2010లో ఏర్పడిన లామకాన్ వంటి బహిరంగ సాంస్కృతిక వేదికలు అట్టి చోటులు. 2010లోనే ఆరంభమైన హైదరాబాదు సాహిత్యోత్సవము 2024లో రాయదుర్గమునందలి సత్వ నాలెడ్జ్ సిటీలో జరిగి, సాహిత్యమును గాజుమేడల నడుమకే తెచ్చెను. అయితే ఉత్సవమునందు వేదిక యొకవైపు, సభ యొకవైపు నుండును. గోష్ఠియందు ఆ భేదముండరాదు.

వైద్యదృష్టితో గమనింపవలసిన హెచ్చరికలును ఉన్నవి. ఘోరసంఘటన జరిగిన వెంటనే బాధితుల నొక్కచోట కూర్చుండబెట్టి అంతయు చెప్పించు పద్ధతి 1980ల నుండి వ్యాపించినను, తరువాతి సమీక్షలలో అట్టి ఏకదిన సమావేశములవలన మేలు కానరాలేదు, కొందఱికి కీడును కలిగినది. గాయము పచ్చిగా నున్నప్పుడు వ్రాయుమని నిర్బంధింపరాదు. చావుతలంపులు వెన్నాడుచున్నవారికి గోష్ఠి చాలదు; వైద్యుడు కావలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి-మానస్ సేవ 14416 సంఖ్యమీద తెలుగునను లభించును.

సైబరాబాదున ఇట్టి గోష్ఠులకు ప్రత్యేకమైన చిక్కు భాషవలన వచ్చును. ఆంగ్లమాధ్యమమున చదివిన తెలుగువారు పలువురు తెలుగున మాటాడుదురు, తెలుగున కలలు కందురు, తెలుగున ఏడ్తురు గాని, నాలుగు వాక్యములు తెలుగులిపిలో వ్రాయుటకు జంకుదురు. ఆంగ్లమున వ్రాసినచో దుఃఖము స్టేటస్ రిపోర్టువలె తయారగును. ఆ భాషయందు వారికి అలవడినది ఆ శైలియే. ఇట్టివారు రోమను అక్షరములతో తెలుగు వ్రాసినను, ఫోనునందు పలికి అక్షరములుగా మార్చుకొన్నను, సగము హిందీయో ఉర్దూయో కలిపినను దోషమెంచరాదు. అక్షరదోషములను దిద్దు పంతులు ప్రవేశించిన దినమున గోష్ఠి బడియగును. కాపలాదారులను, శుభ్రతా కార్మికులను చేర్చుకొనదలచినచో స్త్రీశక్తి సంఘటన మార్గమే శరణ్యము: వారు చెప్పవలెను, ఇతరులు వ్రాయవలెను, వ్రాసినది వారికి చదివి వినిపించి, కాదన్నది కొట్టివేయవలెను.

వ్రాసిన కాగితములు ఎవరివన్న ప్రశ్న చివరకు వచ్చును. విడివిడిగా వ్రాయు గోష్ఠిలో ఎవరి కాగితము వారిదే. నాయకుడు వానిని సేకరింపరాదు, నకలు తీయరాదు. కలసి వ్రాసిన గ్రంథమునందు చిక్కు హెచ్చు, ఏలయన ఒకరి అనుమతి తక్కినవారి అనుమతి కాదు. ఉద్యోగ ఒప్పందములందలి గోప్యతా నిబంధనలవలన సంస్థ పేరు, కొనుగోలుదారు పేరు వ్రాయుట చట్టపరమైన తగవులకును దారితీయును. సీతాపూరు స్త్రీలు ఎవరి యనుభవము ఎవరిదో వేరుచేసి చూపక ‘మేము’ అను ఒక్క గొంతుతో ప్రధానముగా కథనము నడిపిరి. ‘మనకు తెలియని మన చరిత్ర’యందు దీనికి విరుద్ధముగా చెప్పిన ప్రతి స్త్రీయు తన పేరుతో నిలిచినది, కర్తలుగా మాత్రము సంఘము పేరు ఉంచబడినది.